ఏడు చేపలు చాలు నీకు

అమ్మాయీ,

నీకు అంగన్‌వాడీ టీచర్ పోస్టు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకి ఏం నేర్పాలో తెలీక టెన్షన్ పడుతున్నావట. యూట్యూబ్‌లో వెతికి నోట్‌బుక్ నిండా కథలు రాసుకున్నావని కూడా చెప్పింది. ఆ నోట్‌బుక్ కొన్నాళ్ళు పక్కన పెట్టు. నెలకి నాలుగు కథలు చాలు. వారమంతా ఒకటే కథ.

చెప్పిందే చెబితే విసుగు రాదా అంటావేమో. విసుగొచ్చేది మనకి, వాళ్ళకి కాదు. మొదటిరోజు ఏం జరుగుతుందా అని వింటారు. రెండోరోజు ఏం జరుగుతుందో తమకి ముందే తెలుసన్న హుషారుతో వింటారు. ఆ తర్వాత నీ నోట్లో మాట లాక్కుంటారు. చివరికి నువ్వు ఒక్క ముక్క మార్చి చెప్పినా "అలా కాదు టీచర్!" అని గోల చేస్తారు. ఆ గోల వినపడేదాకా కథ మార్చకు.

మొదటి వారానికి ఏడు చేపల కథ పెట్టుకో. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపనడిగితే గడ్డిమోపు అడ్డమంది. గడ్డిమోపు ఆవు మేయలేదంది. ఆవు పాలేరు మేపలేదంది. పాలేరు అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు. అవ్వ పిల్లాడు ఏడ్చాడంది. పిల్లాడు చీమ కుట్టిందన్నాడు. చీమ మాత్రం "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని ఎదురడిగింది. ఈ కథకి పెద్దవాళ్ళు వేదాంతం కూడా చెబుతారులే, మన పిల్లలకి దానితో పనిలేదు. వాళ్ళకి కావలసింది ఆ 'ఎందుకు'. కథ పొడుగునా అదే ప్రశ్న వస్తుంది, ప్రతిసారీ ఒక కారణం దొరుకుతుంది. ఒకదాని వల్ల ఇంకోటి జరుగుతుందని మూడేళ్ళ పిల్లకి ఇంతకంటే తేలిగ్గా ఎలా చెబుతాం? పైగా వరస గుర్తుపెట్టుకోవడం, వాక్యం సగంలో వదిలేయకుండా పూర్తిగా చెప్పడం వాటంతటవే వస్తాయి.

మొదటిరోజు ఉత్త కథే చెప్పు. బొమ్మలొద్దు, ప్రశ్నలొద్దు. మర్నాడు "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" అన్నది వాళ్ళ చేత అనిపించు. తర్వాత వేషాలు వెయ్యి. మాట్లాడని పిల్లని బలవంతపెట్టకు, గడ్డిమోపు చేసి కూర్చోబెట్టు. అదీ వేషమే కదా! ఇంకోరోజు ఏడు చింతపిక్కలు పరిచి, ఒకటి దాచి, ఎన్ని మిగిలాయో అడుగు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది తడిగుడ్డల ఆట. రెండు గుడ్డముక్కలు తడిపి ఒకటి ఎండలో, ఒకటి గడ్డి కిందో గంప కిందో పెట్టించు. గంట గంటకీ పిల్లలే వెళ్ళి ముట్టుకుని చూస్తారు. చేప ఎందుకు ఎండలేదో చేత్తో తెలిసిన పిల్లకి ఎండ గురించి వేరే పాఠం చెప్పక్కర్లేదు. అదే ఎండలో మట్టి పిసికి చీమల పుట్ట చేయించు. ఇంకా పలక పట్టని వేళ్ళకి అదే మంచి కసరత్తు.

కథకి పొద్దున వేళే మంచిది. అన్నం తిన్నాక చెబితే సగంమంది నిద్రలో ఉంటారు. నువ్వు గోడకి ఆనుకుని కూర్చో, పిల్లల్ని నీ చుట్టూ అర్ధచంద్రంగా, వీధి గుమ్మం వాళ్ళ వీపు వెనక ఉండేలా కూర్చోబెట్టు. లేకపోతే రోడ్డు మీద ట్రాక్టర్ వెళితే నీ కథ దాని వెంటే పోతుంది. 'ఊ' కొట్టడం తప్పకుండా నేర్పు. ఆ 'ఊ' పలచబడిందంటే కథ తొందరగా ముగించమని అర్థం. మధ్యలో ఎవరో "మా ఇంట్లో కూడా ఆవుంది" అంటారు. అననీ. "అవునా, అది మేస్తుందా?" అని అడిగి మళ్ళీ కథలోకి లాక్కో.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. కథ అయిపోగానే "ఇందులో నీతి ఏమిటి?" అని అడక్కు. అలా అడిగితే పిల్లలు నీ మొహం చూసి, నీకు నచ్చే జవాబు వెతకడం మొదలుపెడతారు. "తప్పు చీమదా, పిల్లాడిదా?" అని అడిగి చూడు, రెండు జట్లై కొట్లాడుకుంటారు. ఎవరిది ఒప్పో నువ్వు తేల్చకు.

మీ ఊరు ఏజెన్సీ అంచున ఉంది కాబట్టి ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలూ వస్తారు. వాళ్ళ ముందు తెలుగు కథ గడగడా చెప్పేస్తే బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు. మీ ఆయమ్మకి కోయ వస్తే ముందురోజు ఆమె చేత చెప్పించు. మర్నాడు అవే చింతపిక్కలు, అవే వేషాలతో నువ్వు తెలుగులో చెప్పు. వాళ్ళ అవ్వల్ని పిలిచి వాళ్ళ కథలు కూడా చెప్పించు.

సవతితల్లి కథల జోలికి వెళ్ళేముందు ఏ పిల్ల ఇంట్లో ఎవరున్నారో కనుక్కో. నల్లగా ఉన్నవాళ్ళని, లావుగా ఉన్నవాళ్ళని ఎగతాళి చేసే కథలు అసలే వద్దు. రాక్షసుడు ఫరవాలేదు, చివరికి ఓడిపోతే చాలు. ఫోన్‌లో కథలు పెట్టి నువ్వు రిజిస్టర్లు రాసుకుందామనుకోకు. పిల్ల అడ్డుప్రశ్న వేస్తే ఆ ఫోన్ ఆగి జవాబు చెప్పదు.

"ఏబీసీడీలు ఎప్పుడు మొదలెడతారు, మా వాణ్ణి కాన్వెంట్‌లో వేస్తాం" అనే తల్లిదండ్రులు తప్పకుండా వస్తారు. వాళ్ళతో వాదించకు. మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక కూడా ఆటపాటలతో, కథలతో నేర్పమనే చెబుతోంది. ఇది కొత్తా కాదు. గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిరం పెట్టిన గిజూభాయి బధేకా వకీలు పని వదిలేసి పిల్లల మధ్య కూర్చుని కథలు చెప్పాడు. ఆయన్ని 'మీసాల అమ్మ' అనేవారు. కానీ ఈ పేర్లన్నీ నీకూ మీ సూపర్‌వైజర్‌కీ పనికొస్తాయి, తల్లులకి కాదు. అంగన్‌వాడీలో నెలనెలా జరిగే ఈసీసీఈ డే (చిన్నపిల్లల సంరక్షణ, చదువుల రోజు) నాడు వాళ్ళని ముందు కూర్చోబెట్టి, వాళ్ళ పిల్లల చేతే కథ చెప్పించు. మధ్యలో నువ్వు అందించకు, ఎక్కడైనా ఆగితే పక్క పిల్లే అందిస్తుంది.

రెండో వారానికి ఏ కథ పెట్టాలో మొదటి వారం అయ్యాక ఫోన్ చెయ్యి, నీ పిల్లలు ఎలాంటివాళ్ళో విని చెబుతాను. రాత్రి భోజనాలయ్యాక అయితే తీరిగ్గా ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ