గురి ఉన్నా గెలుపెందుకు రావడం లేదు? మ్యాప్ పట్టుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. జట్టుగా ఆడే పోటీ వీడియో ఆటల్లో ‘మ్యాప్ కంట్రోల్’ (ఆట జరిగే చోటు మీద పట్టు) అంటే ఏమిటి, దాన్ని ఎలా సాధించాలి, సాధించాక ఏం చేసుకోవాలి అన్నదే ఆ సంగతి. మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి శీర్షికను పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా హాస్టల్‌లో ఐదుగురం జట్టుగా కౌంటర్ స్ట్రైక్ 2 ఆడతాం. అందరికీ గురి బాగానే ఉంది. మొన్న మిరాజ్ మ్యాప్ మీద ఆడిన మ్యాచ్‌లో రెండు జట్ల కిల్స్ (ఎదుటివాళ్లను చంపిన లెక్క) కాస్త అటూ ఇటూగా సమానంగానే ఉన్నాయి, అయినా 13–6 తేడాతో ఓడిపోయాం. లోపం ఎక్కడుంది?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఈ ఆట తెలియనివాళ్లకు ముందు ఒక మాట: ఒక జట్టు బాంబు పెట్టడానికి దాడి చేస్తుంది, రెండోది కాపలా కాస్తుంది. బాంబు పెట్టే రెండు చోట్లను ‘ఏ’ సైట్, ‘బీ’ సైట్ అంటారు. ర్యాంప్, ప్యాలెస్, అపార్ట్‌మెంట్స్ లాంటివి మ్యాప్‌లోని చోట్ల పేర్లు. మీరు దాడి చేసిన రౌండ్ల గురించి ఉత్తరంలో వివరంగా రాశారు. వాటిలో ఒక మాట పదేపదే కనిపించింది: ‘అందరం కలిసి ర్యాంప్ మీదుగా “ఏ” సైట్‌లోకి దూసుకెళ్లాం’. లోపం అక్కడే ఉంది.

దాడి చేసే జట్టుకు రౌండులో 1 నిమిషం 55 సెకన్ల సమయం ఉంటుంది. ఆ లోపు రెండు సైట్లలో ఏదో ఒకచోట బాంబు పెడితే, అది పేలడానికి మరో 40 సెకన్లు పడుతుంది. కాపలా జట్టుకు ఉన్న పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఐదుగురితోనే రెండు చోట్లను కాయాలి, పైగా మీరు ఎటు వస్తారో వాళ్లకు తెలియదు. మీరు మొదటి 20 సెకన్లలోనే ఐదుగురూ ఒకే దారిన పరుగెత్తితే, ఆ ఇబ్బందిని మీ చేతులతో మీరే తీర్చినట్టు. అడుగుల చప్పుడు వినగానే బీ సైట్‌లో ఉన్నవాళ్లు కూడా ‘ఏ’ సైట్‌కు చేరిపోతారు. అప్పుడు ఎదురెదురు కాల్పుల్లో కిల్స్ సమానంగా వచ్చినా రౌండు వాళ్లదే అవుతుంది, ఎందుకంటే సమయం వాళ్ల పక్షాన ఉంది, మూలల వెనక దాక్కుని కాచుకున్నది కూడా వాళ్లే.

మిరాజ్‌లో మిడ్ అనే నడిమి భాగానికి అంత విలువ ఎందుకో ఒకసారి మ్యాప్ తెరిచి చూడండి. మిడ్ నుంచి కనెక్టర్ గుండా వెళ్తే ‘ఏ’ సైట్‌కు పక్కవాటుగా చేరతారు. క్యాట్‌వాక్ గుండా, అంటే మనవాళ్లు షార్ట్ అనే దారిన వెళ్తే బీ సైట్ తగులుతుంది. కాబట్టి మిడ్ మీ చేతికి వచ్చిందంటే ‘ఏ’ సైట్‌కు ర్యాంప్, ప్యాలెస్‌లతో పాటు కనెక్టర్ కూడా, బీ సైట్‌కు అపార్ట్‌మెంట్స్‌తో పాటు షార్ట్ కూడా దారులవుతాయి. కాపలా జట్టు ఇప్పుడు ఎక్కడ ఒక మనిషిని పెట్టినా ఇంకెక్కడో ఖాళీ ఏర్పడుతుంది. పైగా ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కు మిడ్ మీదుగా దాటే వీలు పోయి, వాళ్లు వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తుంది. మీరు ఒక్కరినీ చంపకుండానే వాళ్ల జట్టు రెండు ముక్కలైంది. మ్యాప్ మీద పట్టు అని నేననేది దీన్నే. ఎంత నేల తొక్కామన్నది దానికి కొలత కాదు. ఎదుటివాళ్లకు ఎన్ని దారులు మూతపడ్డాయి, వాళ్లు ఎన్నిటిని ఊహించుకుని భయపడాలి అన్నది కొలత.

మీ జట్టు వచ్చే పది మ్యాచ్‌లలో ఈ పద్ధతి ప్రయత్నించవచ్చు. ఇద్దరు మిడ్‌కు వెళ్లండి. మిడ్‌ను చూసే విండో మీద ఒక స్మోక్ (పొగ గ్రెనేడ్), కనెక్టర్ మీద ఒక స్మోక్ పడాలి, ఆ వెంటనే ఒక ఫ్లాష్ (కళ్లు బైర్లు కమ్మించే గ్రెనేడ్) పేలాక ఇద్దరూ ముందుకు కదలాలి. మిగతా ముగ్గురిలో ఒకరు అపార్ట్‌మెంట్స్‌లో, ఇద్దరు ర్యాంప్, ప్యాలెస్‌ల దగ్గర ఉండి, అక్కడి నుంచి శత్రువు ముందుకు రాకుండా చూస్తే చాలు. వాళ్లు కాల్పులకు దిగనక్కర్లేదు. 50 సెకన్లు మిగిలేదాకా ఆగి, అప్పటిదాకా తెలిసినదాన్ని బట్టి సైట్ ఎంచుకోండి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. కౌంటర్ స్ట్రైక్ 2లో స్మోక్ గోడ లాంటిది కాదు. అందులోకి హెచ్ఈ (పేలుడు) గ్రెనేడ్ విసిరితే పొగ కాసేపు విడిపోయి, వెనక ఉన్నవాళ్లు కనబడిపోతారు. పాత కౌంటర్ స్ట్రైక్‌కు అలవాటుపడినవాళ్లు ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటున్నారు. రెండోది ఇంకా ముఖ్యం. మిడ్ పట్టుకున్నాక సైట్ మీదికి వెళ్లేటప్పుడు అక్కడ ఒకరిని ఉంచకుండా ఐదుగురూ వెళ్లిపోతే, అంతసేపు పడిన శ్రమంతా వృథా. శత్రువు అదే మిడ్ గుండా మీ వెనక తేలతాడు. అలా నిలబడిన మనిషి రౌండంతా ఒక్క తూటా పేల్చకపోవచ్చు, స్కోర్‌బోర్డులో అతని పేరు అట్టడుగున ఉండవచ్చు. అతన్ని వెక్కిరించే జట్టులో ఆ పని చేయడానికి మళ్లీ ఎవరూ ముందుకు రారు.

ప్రశ్న: కౌంటర్ స్ట్రైక్ 2లోని ఇన్‌ఫెర్నో మ్యాప్‌లో, బీ సైట్‌కు వెళ్లే బనానా అనే దారి కోసం మా జట్టు ప్రతి రౌండులోనూ గ్రెనేడ్లన్నీ విసిరేస్తుంది. తీరా బీ సైట్‌లోకి వెళ్లే సమయానికి ఒక్క స్మోక్ కూడా మిగలదు. బనానా అంత ముఖ్యమా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: ముఖ్యమే, అయితే ఏ ధరకైనా కొనేంత ముఖ్యం కాదు. దాడి జట్టులో ఒకరు ఒక స్మోక్, ఒక మొలటోవ్ (నిప్పు గ్రెనేడ్), రెండు ఫ్లాష్‌లు తీసుకుంటే 300, 400, రెండు 200లు కలిపి ఆటలోని డబ్బులో 1100 డాలర్లు అవుతుంది. ఏకే-47 ధర 2700 అని గుర్తుంచుకుంటే, ఇద్దరి గ్రెనేడ్ల ఖర్చుతో దాదాపు ఒక తుపాకీ వస్తుందన్నమాట. అంత పెట్టి బనానా పట్టుకుని, చివరికి ఖాళీ చేతులతో సైట్ ముందు నిలబడితే, పెళ్లి ఖర్చంతా పందిరికే పెట్టి భోజనాల వేళకు దిక్కులు చూసినట్టు ఉంటుంది.

ఖర్చు తగ్గించుకునే మార్గం ఒకటుంది. బనానాను ప్రతి రౌండులో పూర్తిగా గెలవాలనుకోకండి. కొన్ని రౌండ్లలో సగం దాకా వచ్చి, ఒక మొలటోవ్ మాత్రం వేసి ఆగండి. బీ సైట్‌లో ఉన్న ఇద్దరు మీ చప్పుడు విన్నాక అక్కడి నుంచి కదలలేరు, కదిలితే మీరు లోపలికి వస్తారని వాళ్లకు తెలుసు. అలా ఇద్దరిని ఇద్దరితోనే కట్టిపడేసి, మిగతా ముగ్గురు మిడ్, అపార్ట్‌మెంట్స్ వైపు నుంచి ‘ఏ’ సైట్‌కు వెళ్తే అక్కడ ముగ్గురికి ముగ్గురే ఎదురవుతారు. ముందు రౌండ్లలో బనానాను నిజంగా పట్టుకున్నారు కాబట్టే ఈ బెదిరింపు పనిచేస్తుంది. ఒక్కసారి కూడా రానివాళ్లను చూసి ఎవరూ బెదరరు.

కాపలా పక్షంలో ఉన్నప్పుడు ఇదే లెక్కను తిరగేయండి. బనానాను మీరు పట్టుకుని ఉంటే, అటు నుంచి ఎవరూ రావడం లేదన్న కబురు ముందే అందుతుంది, ఒక మనిషిని ధైర్యంగా ‘ఏ’ సైట్‌కు పంపవచ్చు. అయితే డబ్బు తక్కువగా ఉన్న రౌండులో బనానా జోలికి పోకుండా సైట్ లోపలే కాచుకోవడం మంచిది.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. సెలవుల్లో ఈ ఆటలాడుతూ, ‘అమ్మా, ఇది కాల్చడం కాదు, మ్యాప్ కంట్రోల్’ అంటాడు. ఆ మాటకు అర్థం ఏమిటో నాలాంటివాళ్లకు తెలిసేలా చెప్పగలరా?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చిన్నప్పుడు పులిజూదం ఆడే ఉంటారమ్మా. గుడి మండపాల రాతిపలకల మీద ఆ గళ్లు ఇప్పటికీ చెక్కి కనిపిస్తాయి. 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులి మేకను దూకి తినగలదు, మేక పులిని ఏమీ చేయలేదు. అయినా తెలిసి ఆడితే మేకలు గెలవగలవు. ఎలాగంటే, పులి కదలడానికి ఉన్న చుక్కలను ఒక్కొక్కటిగా ఆక్రమించి, చివరికి దానికి అడుగు తీసి అడుగు వేసే చోటు లేకుండా చేస్తాయి. ఒంటరిగా నిలబడిన మేక పులికి దొరికిపోతుంది. వెనక చుక్కలో ఇంకో మేక ఉంటే పులి దూకలేదు, కాబట్టి ముందున్న మేకకు భయం లేదు. మీ అబ్బాయి చెప్పే మ్యాప్ కంట్రోల్ అక్షరాలా ఇదే. వీలైతే ఒక సాయంత్రం వాడితో పులిజూదం ఆడి, మేకలు మీరు తీసుకోండి.

ప్రశ్న: డోటా 2లో నేను సపోర్ట్ (తోటివాళ్లకు అండగా ఉండే పాత్ర) ఆడతాను. వార్డులు (చుట్టుపక్కల చూపునిచ్చే వస్తువులు) పెడుతూనే ఉంటాను, అయినా మా జట్టువాళ్లు చీకట్లో దొరికిపోయి చనిపోతూనే ఉంటారు, తప్పు నాదే అంటారు. వార్డులు ఎక్కడ పెట్టాలి?
– పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఎక్కడ అన్నదాని కంటే ముందు ఎప్పుడు, దేనికోసం అన్నది చూడాలి. అబ్జర్వర్ వార్డు 6 నిమిషాలే ఉంటుంది. ఆ 6 నిమిషాల్లో మీ జట్టు చేయబోయే పని ఏమిటో తెలియకుండా పెట్టిన వార్డు, ఎవరూ నడవని సందులో పెట్టిన వీధిదీపం లాంటిది. మీ జట్టు తర్వాత గుహలో ఉండే రోషన్ అనే పెద్ద రాక్షసుణ్ణి కొట్టాలనుకుంటే, ఆ గుహకు వచ్చే దారులు కనబడే గట్టు మీద వార్డు ఒక నిమిషం ముందే పడాలి. ఒక టవర్‌ను పడగొట్టాలనుకుంటే, ఆ టవర్ వెనక నుంచి శత్రువు సాయం వచ్చే దారిని చూసేలా పెట్టాలి. మీ క్యారీ (జట్టుకు చివర్లో ప్రధాన బలమయ్యే ఆటగాడు) శత్రువు అడవిలో క్రీప్స్‌ను (ఆట తానే నడిపే చిన్న జీవులను) కొట్టుకోవాలనుకుంటే, ఆ అడవి ద్వారాల దగ్గర పెట్టాలి.

ఇక మీ జట్టువాళ్ల నింద సంగతి. వాళ్లకు తెలియవలసిన విషయం ఒకటుంది. ఈ ఆటలో చాలామంది హీరోలకు పగలు 1800 యూనిట్ల దూరం కనిపిస్తే, రాత్రి 800 మాత్రమే కనిపిస్తుంది. పగలు, రాత్రి ఐదేసి నిమిషాలకోసారి మారతాయి. రాత్రివేళ వార్డు లేని వైపున ఒంటరిగా లేన్ (రెండు స్థావరాలను కలిపే ప్రధాన దారి) చివరిదాకా వెళ్లినవాడు చనిపోతే, ఆ తప్పు సపోర్ట్‌ది కాదు. శత్రువులు ఐదుగురిలో ఎంతమంది మ్యాప్ మీద కనిపిస్తున్నారో లెక్కపెట్టుకోవడం ప్రతి ఆటగాడి బాధ్యత. నలుగురు కనబడకపోతే వాళ్లు మీ దగ్గరికే వస్తున్నారని అనుకోవడం క్షేమం.

వార్డు ఒక్కటే చూపునివ్వదు. మూడు లేన్‌లలోని క్రీప్స్‌ను శత్రువు వైపు నెట్టి ఉంచితే, అవి నడిచే దారంతా మీకు కనబడుతుంది. వాటిని ఆపడానికి శత్రువు ఎవరో ఒకరిని పంపక తప్పదు, పంపితే అతను ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. ఆ క్షణంలోనే మిగతా మ్యాప్ మీద మీ ఐదుగురు వాళ్ల నలుగురితో ఆడుతున్నట్టు లెక్క. లేన్‌లు మన టవర్ల దగ్గరే నిలిచిపోయినప్పుడు అడవిలో ఎన్ని వార్డులు పెట్టినా అవి మన ఓటమిని స్పష్టంగా చూపించడానికి తప్ప పనికిరావు. 2023 ఏప్రిల్‌లో మ్యాప్‌ను దాదాపు 40 శాతం పెంచినప్పటి నుంచి ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే ఉన్న కొద్ది వార్డులతో అంత చోటును కప్పడం ఎవరి తరమూ కాదు.

రోషన్‌ను చంపాక వచ్చే, చనిపోయినవాణ్ణి ఒకసారి తిరిగి బతికించే ఏజిస్ గురించి కూడా అడిగారు. అది 5 నిమిషాల్లో కరిగిపోతుంది. తీసుకున్న వెంటనే అడవిలో క్రీప్స్ కొట్టుకుంటూ ఆ సమయాన్ని తినేసే జట్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రశ్న: బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా)లో మా నలుగురి స్క్వాడ్ ఎరాంగెల్ మ్యాప్ మీద చివరి పది జట్లలోకి ఎప్పుడూ వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. జోన్ (అంతకంతకూ కుంచించుకుపోయే సురక్షిత వలయం) నడిబొడ్డుకు ముందే వెళ్లాలా, అంచునే ఉండి నెమ్మదిగా రావాలా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: ఎరాంగెల్ 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న మ్యాప్. నలుగురితో అందులో దేన్నీ ‘పట్టుకోవడం’ సాధ్యం కాదు. ఇక్కడ పట్టు అంటే రాబోయే వలయంలో పనికొచ్చే ఒక చోటు, దానికి చేరే దారి, వెనక ఎవరూ లేరన్న భరోసా. ఈ మూడింటిలో మీ జట్టుకు మొదటిది దొరుకుతోందని, మూడోది లేదని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది.

ముందే నడిబొడ్డుకు వెళ్లిన జట్టుకు గోడల అండ దొరుకుతుంది, కానీ నలువైపుల నుంచీ తూటాలు వస్తాయి. అంచున వచ్చే జట్టుకు వెనక నీలి జోన్ (వలయం బయటి ప్రమాద ప్రాంతం) ఉంటుంది, అటు నుంచి వచ్చేవాళ్లు తక్కువ, కాకపోతే ముందు మంచి ఇళ్లన్నీ నిండిపోయి ఉంటాయి. వాహనాలు బాగుండి, ఎదుటివాళ్ల కదలికలు చదవగలిగితే నడిబొడ్డు మేలు. కాల్పుల్లో మీ నలుగురూ గట్టివాళ్లైతే అంచు మేలు. నా మొగ్గు అంచు వైపే. కొత్త జట్లు చాలావరకు నడిబొడ్డులో ఒక ఇంట్లో నలుగురూ ఇరుక్కుని, కిటికీలోంచి చూస్తూ కూర్చుని, జోన్ జరిగినప్పుడు ఒకే తలుపు నుంచి బయటికి పరుగెత్తి చనిపోతుంటాయి.

ఏది ఎంచుకున్నా నలుగురూ ఒకే ఇంట్లో ఉండకండి. ఇద్దరు ఇంట్లో, ఒకరు పక్కనున్న గుట్ట మీద, ఒకరు రెండింటికీ నడుమ చెట్టు వెనక ఉంటే, ఇంటి మీదికి వచ్చే జట్టు గుట్ట మీదివాడికి పక్కవాటుగా కనిపిస్తుంది. పడిపోయినవాణ్ణి లేపడానికి చేరలేనంత దూరం మాత్రం పోవద్దు. జోన్ సోస్నోవ్కా దీవి వైపు పడినప్పుడు వంతెనల మీద కాపు కాసేవాళ్లు ఉంటారు కాబట్టి, ఆలస్యమైందనిపిస్తే పడవ వెతుక్కోవడం నయం.

ప్రశ్న: మైక్‌లో అందరూ ఒకేసారి అరుస్తారు. మ్యాప్ మీద పట్టు కోసం నిజంగా చెప్పవలసిన మాటలు ఏవి?
– పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఎంతమంది, ఎక్కడ, ఎటు వెళ్తున్నారు. ఇంతే. ‘వాడు నన్ను చంపాడు’ అన్న మాటకు ఏ విలువా లేదు, ఆ సంగతి తెర మీద ముందే వచ్చింది. మనవాళ్లు తరచూ మరిచిపోయే కబురు ఒకటుంది: ‘ఇక్కడ ఎవరూ లేరు’. శత్రువు కనబడినప్పుడు అందరూ చెబుతారు, కనబడనప్పుడు నోరు మెదపరు. నిజానికి ‘కనెక్టర్ ఖాళీ, 10 సెకన్లుగా చప్పుడు లేదు’ అని ఒకరు చెప్పగలిగితే, మిగతా నలుగురూ ఆ వైపు చూడడం మానేసి వేరే పని చూసుకోవచ్చు. వచ్చే మ్యాచ్‌లో చనిపోయినవాళ్లు తమకు తెలిసిన ఒక్క వాక్యం చెప్పి మైక్ ఆపేయాలన్న నియమం పెట్టుకుని, ఎలా సాగిందో రాయండి.