చిన్నీకి, గుర్రపుశాల కట్టే ముందు

చిన్నీ,

నువ్వు ఉద్యోగం మానేసి చేవెళ్ళ దగ్గర గుర్రపుశాల, దాని పక్కనే పైకప్పు ఉన్న రైడింగ్ అరీనా కడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నిన్ను తిట్టించడానికే చేశాడు, నువ్వేమైనా చెప్పు అన్నయ్యా అని. కానీ మాటల మధ్యలో "దానికి ధైర్యం ఎక్కువ" అని కూడా అన్నాడు, అది తిట్టు కాదని నీకూ తెలుసు. నాకైతే సంతోషమే. మన ఇంట్లో గుర్రాల వాసన నా చొక్కాలతోనే పోతుందనుకున్నా. తర్వాత నువ్వు వాట్సాప్‌లో పెట్టిన డ్రాయింగ్ తెరిచి చూశాను. టెన్షన్ అక్కడ మొదలైంది.

ఆ డ్రాయింగ్ కెనడాలో నీ ఫ్రెండ్ పనిచేసే చోటుదే కదా? నాలుగు వైపులా పైదాకా గోడలు, గోడల మధ్య ఇన్సులేషన్, చిన్న కిటికీలు, వాటికి మళ్ళీ బిగుతుగా తలుపులు, బాగా ఏటవాలుగా ఉన్న కప్పు. అక్కడ అది సరైనదే. కప్పు మీద మంచు పేరుకుంటే ఆ బరువు మోయాలి, మంచు జారిపోవాలి. నేల గడ్డకడుతుంది కాబట్టి పునాదీ నీళ్ళ పైపూ ఆ గడ్డకట్టే లోతు దాటి కిందికి దిగాలి. మైనస్ 20లో స్వారీ నేర్చుకునే పిల్లలకి గోడలు కావాలి. మన కప్పుకు మంచు బాధ లేదు, ఏప్రిల్ మే నెలల్లో గాలిదుమారం రేకులను పైకి లాగే లాగుడుకి తట్టుకోవాలి, అంతే. పైపు నువ్వూ లోతుగానే పాతు, కానీ మే నెలలో నీళ్ళు కాగిపోకుండా.

ఇంతకీ మన చలి ఎంత? 1946 జనవరిలో హైదరాబాదులో 6.1 డిగ్రీలు నమోదైంది, దాన్నే ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. మామూలు డిసెంబర్ రాత్రి 12, 13 ఉంటుంది, ఊరి బయట ఇంకాస్త తక్కువ. కడుపునిండా గడ్డి ఉండి, ఒంటి మీద వాన పడకపోతే, 5 డిగ్రీల దాకా గుర్రానికి అది చలి కిందే లెక్క కాదు. గడ్డి అరుగుతున్నంతసేపూ దానికి లోపల వేడి పుడుతూనే ఉంటుంది. చలి మనకి. మనం దుప్పటి కప్పుకుని వణుకుతూ, పాపం దానికీ చలేస్తుందేమోనని వెళ్ళి కిటికీ మూసేస్తాం. నా భయమంతా ఆ కిటికీ మీదే.

ఒక ఆసామి సంగతి చెప్తా. పేరు వద్దు, ఆయన పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. నేను గుర్రాల డాక్టరుగా తిరిగే రోజుల్లో మలక్‌పేటలో రేసులు మానేసిన గుర్రాలను కొని, శంషాబాద్ వైపు తన తోటలో పిల్లలకి స్వారీ నేర్పించాలని మొదలుపెట్టాడు. మంచి మనిషి, డబ్బున్న మనిషి, తొందర మనిషి. గుర్రాలను వేరేచోట ఉంచినందుకు నెలనెలా కట్టే డబ్బు దండగ అనిపించి, కప్పు పడగానే, గోడలు సగం లేస్తుండగానే వాటిని దింపేశాడు. ఆ వారమే బంగాళాఖాతంలో తుఫాను, ఇక్కడ ముసురు. జల్లు లోపలికి కొడుతోందని చుట్టూ నీలం టార్పాలిన్లు కట్టించాడు, కప్పు అంచు దాకా, తాళ్ళు బిగించి మరీ. ముసురు పోయింది, వెనకే చలి దిగింది, టార్పాలిన్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఎందుకంటే లోపల వెచ్చగా ఉండేది. ఆయనకి అది ఎంత నచ్చిందంటే వచ్చినవాళ్ళందరినీ లోపలికి తీసుకెళ్ళి "చూడండి, హీటర్ లేకుండానే ఎంత వెచ్చగా ఉందో" అనేవాడు.

ఆ వెచ్చదనం గుర్రాల ఊపిరిది, వాటి కింద పరిచి తడిసిన పొట్టుది. 450 కిలోల గుర్రం రోజుకి లద్దీ ఉచ్చా కలిపి 20 కిలోల పైనే వేస్తుంది. ఆ ఉచ్చలోంచి వచ్చే అమ్మోనియాకి బయటికి దారి లేదు. తెల్లవారుజామున రేకులు చల్లబడేసరికి లోపలి తేమంతా రేకు అడుగున బొట్లుగా పట్టి గుర్రాల వీపుల మీద, గడ్డి మీద టపటపా రాలేది. గడ్డికి బూజు పట్టింది. పనివాళ్ళు ఆ బూజుగడ్డినే ఎండబెట్టి దులిపి వేసేవాళ్ళు, ఆ దుమ్ము ఎటూ పోయేది కాదు. మొదట మేత వేళ దగ్గు. జలుబు చేసిందనుకుని టార్పాలిన్లు ఇంకా బిగించాడు ఆయన! నన్ను పిలిచేసరికి దాదాపు అన్నిటికీ ముక్కులోంచి చీమిడి కారుతోంది, జ్వరం మాత్రం లేదు.

అక్కడ మలక్‌పేట నుంచి వచ్చిన ఒక ముసలి సాయీసు ఉండేవాడు, గుర్రాల బాగోగులు చూసేవాడు. నేను చీటీ రాస్తుంటే ఆయన ఆసామి చెయ్యి పట్టుకుని బాక్స్‌లోకి, అంటే గుర్రం ఉండే గదిలోకి తీసుకెళ్ళి, పొట్టు మీద కూర్చోమన్నాడు. "నిలబడితే తెల్వది సాబ్, గుర్రం పండుకునే కాడ మీ ముక్కు పెట్టి చూడుండ్రి" అన్నాడు. ఆసామి ఒక్క నిమిషం కూడా కూర్చోలేకపోయాడు, కళ్ళెంబడి నీళ్ళు. టార్పాలిన్లు ఆ సాయంత్రమే ఊడిపోయాయి. నా మందుల కంటే అదే ఎక్కువ పని చేసింది, నేను ఒప్పుకుంటా. గుర్రాలు ఒక్కొక్కటే తేరుకున్నాయి, ఒక బూడిదరంగు ఆడగుర్రం తప్ప. కాస్త దుమ్ము తగిలితే చాలు, ఊపిరి వదలడానికి పొట్ట రెండోసారి బిగించేది. అలా బిగించి బిగించి పక్కటెముకల కింద కండ గీతలా తేలిపోయింది. ఆ గీత కనబడ్డాక దాని మీద పిల్లల్ని ఎక్కించి దౌడు తీయించడం కుదరదని చెప్పాను. ఆయన దాన్ని బరాత్‌ల వాళ్ళకి అమ్మేశాడు. అంటే రాత్రిళ్ళు బ్యాండు, జనరేటర్ పొగ, టపాసుల పొగ. ఊపిరి సరిగా ఆడని గుర్రానికి! ఎంత మంచి స్వభావం దానిది, చెవి వెనక గోకితే తల నా భుజం మీద ఆనించేది. ఆ అమ్మకం సంగతి తెలిసినప్పటి నుంచి నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు.

కాబట్టి నువ్వు తిట్టుకున్నా సరే, ఆ డ్రాయింగ్ మార్చు. బాక్స్ 12 అడుగులకి 12, సరిగానే వేశావు. కానీ కప్పు అంచు 9 అడుగులేంటి తల్లీ? 12కి తగ్గొద్దు. గుర్రం తల ఎత్తితేనే ఎంత ఎత్తు వస్తుందో నీకు తెలియదా, పైగా వేసవిలో రేకు వేడంతా దాని వీపు మీదే. గోడలు నాలుగున్నర, ఐదు అడుగులకి ఆపేసి పైన ఖాళీగా వదిలెయ్, కప్పు చూరు మాత్రం బాగా బయటికి లాగు. కప్పు నడినెత్తిన పొడవునా గాలి పోయే సందు ఉండాలి, వాన పడకుండా దాని మీద చిన్న టోపీ. రేకు అడుగున ఇన్సులేషన్ వేయించు, అక్కడ మాత్రం డబ్బు చూసుకోకు, పొద్దుటి నీటిబొట్లూ మే నెల ఎండా రెండూ ఆగుతాయి. కట్టడం పొడవు తూర్పు పడమరలుగా పెట్టి, ఉత్తరం దక్షిణం తెరిచి, పడమటి ముఖం మూసెయ్. మన వానాకాలం జల్లు ఎక్కువగా అటునుంచే కొడుతుంది, సాయంత్రం ఎండా అటుదే.

అరీనాకి అసలు గోడలే వద్దు. కప్పు, చుట్టూ ఐదడుగుల చెక్క, అంతే. ఆ చెక్క పైభాగం బయటికి వాలి ఉండాలి, లేకపోతే గుర్రం అంచుకి రాసుకుని వెళ్ళినప్పుడు పిల్లల మోకాళ్ళు పగులుతాయి. 20 మీటర్లకి 60 వేశావు, అర్థమైంది, డ్రెసాజ్ పోటీ కొలత, అదే గుర్రం చేత లయగా అడుగులు వేయించే పోటీ. 2023లో హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో మన డ్రెసాజ్ జట్టు బంగారు పతకం కొట్టిన రోజు నువ్వు ఫోన్లో అరిచిన అరుపు ఇంకా నా చెవిలో ఉంది. 1982 ఢిల్లీ ఏషియాడ్ తర్వాత స్వారీలో మనకి బంగారం రావడం అదే, నేను మాత్రం అరవలేదా? అయినా చెప్తున్నా, నేల 60కి చదును చేయించుకో, కప్పు ముందు 40కి వెయ్. నేర్చుకునే పిల్లలకి 20కి 40 చాలు. డబ్బు చేతిలో ఉండాలి, మొదటి ఏడాది దాణా ఖర్చే నీకు నిద్ర లేకుండా చేస్తుంది.

అరీనాలో పోసే ఇసుక గురించి ఎవరేం చెప్పినా ఒక్కసారిగా ఆరంగుళాలు పోయించకు. కింద గట్టిగా దిమ్మిస కొట్టిన నేల, దాని మీద రెండంగుళాలు పోసి, స్వారీ చేసి చూసి, అర అంగుళం చొప్పున పెంచు, మూడు దాటొద్దు. లోతు ఎక్కువైతే కాలి వెనక టెండన్లు పోతాయి. నున్నగా గుండ్రంగా ఉండే ఏటి ఇసుక డెక్క కింద దొర్లుతుంది. క్రషర్ పొడి ఎక్కువున్నదైతే ఆ దుమ్ము గుర్రానికీ నీకూ ఊపిరితిత్తుల్లోకే. కప్పు కింద వాన పడదు కదా, కాబట్టి రోజూ నీళ్ళు చల్లే ఏర్పాటు ముందే పెట్టుకో.

మట్టి పరీక్ష చేయించు, అది నల్లరేగడి అయితే మొరం తగిలేదాకా తవ్వాల్సిందే. తవ్విన గోతులు తెరిచి వదలకు, నవంబర్, డిసెంబర్ తుఫాన్లకి నీళ్ళు నిలుస్తాయి. చలికాలం కదా అని క్యూరింగ్ తగ్గించనివ్వకు, చలికి కాంక్రీటు గట్టిపడటం నెమ్మదిస్తుంది, గాలి మాత్రం పొడిగానే ఉంటుంది. భూమి కాగితాలు లాయరుకి చూపించు. ఆ మండలంలో కొన్ని ఊళ్ళు జంట చెరువుల కోసం కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో కిందికి వస్తాయి, ఎత్తేశారంట అనే మాట నమ్మి పునాది తవ్వకు. 1908 మూసీ వరద చూశాక కట్టుకున్న చెరువులు గండిపేట, హిమాయత్‌సాగర్, నీ లద్ది కుప్ప వాటికి చేరే వాగు పక్కన ఉండకూడదు, జీవో ఉన్నా లేకపోయినా.

గడ్డి గోదాము గుర్రాలకి దూరంగా కట్టు. వైర్లన్నీ ఇనప గొట్టాల్లో వెయ్, ఎలుకలు ఉంటాయి. కొత్తగా వచ్చిన గుర్రానికి దూరంగా ఒక బాక్స్ ఉండాలి, గ్లాండర్స్ రక్తపరీక్ష వచ్చేదాకా మిగతావాటితో కలపొద్దు, ఆ జబ్బు మనుషులకీ అంటుకుంటుంది.

చలికాలంలో నీళ్ళు ఒకటి గుర్తుపెట్టుకో. రాత్రంతా ట్యాంకులో చల్లబడ్డ నీళ్ళు గుర్రాలు సరిగా తాగవు, తాగకపోతే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి. పొద్దున్నే బోరు వేసి తాజాగా పట్టు, మన బోరు నీళ్ళు ఆ వేళకి గోరువెచ్చగానే వస్తాయి.

ఇక సంక్రాంతికల్లా పూర్తి చేస్తానన్నావు. ఆ ముహూర్తం ఎవరు పెట్టారు నీకు? కార్తీకంలో మొదలుపెడితే నీ వెల్డింగ్ పనివాళ్ళు, బీహార్ వాళ్ళయితే, ఛఠ్ పూజకి ఊరెళ్తారు. మేస్త్రీలు భోగికి వారం ముందే మాయం. మధ్యలో తుఫాను ఒక్కటి వచ్చిందంటే అయిపోయింది. పండగ రోజు గుర్రం మీద ఫొటో దిగాలని ఉందని తెలుసు, మీ నాన్నకి చూపించాలని. ఫొటో ఉగాదికి దిగు. పని జరుగుతుండగా ఒక్క గుర్రాన్ని కూడా అక్కడికి తేవద్దు, ఈ మాట నా మీద ఒట్టు. మేకులు, బైండింగ్ వైర్ ముక్కలు, రేకు కత్తిరింపులు అన్నీ మట్టిలో కలిసిపోయి ఉంటాయి. డెక్కలో మేకు దిగితే బయటికి ఏమీ కనబడదు. ధనుర్వాతం పట్టిన గుర్రాన్ని నేను చూశాను, కాళ్ళు చెక్కల్లా బిగుసుకుపోయి, దవడ తెరుచుకోక, నీళ్ళ తొట్టి ముందే నిలబడి దాహంతో చూస్తుంటుంది. పని అయ్యాక పెద్ద అయస్కాంతం తాడుకి కట్టి నేలంతా ఈడ్పించు, రెండుసార్లు. టీకాలు గుర్రాలకే కాదు, నువ్వూ వేయించుకో.

చిన్నప్పుడు నిన్ను తెల్లారకముందే మలక్‌పేట తీసుకెళ్ళేవాణ్ణి, ప్రాక్టీసు పరుగులు చూపించడానికి. స్వెటర్ వేసుకోనని మారాం చేసేదానివి, గుర్రాలు వేసుకోలేదుగా అని. మీ అమ్మ నన్ను తిట్టేది. ఇప్పుడు చూస్తే గుర్రాలకే గోడల స్వెటర్ తొడుగుతున్నావు.

డబ్బు తక్కువ పడితే మీ నాన్నని అడగడానికి మొహమాటపడతావు, నన్ను అడుగు. పెన్షన్‌లోంచి అరీనా కట్టించలేను గానీ, కప్పు కింది ఇన్సులేషన్ నా వాటా అనుకో. ఆదివారం పొద్దున్నే సైటుకి వస్తా. సున్నం, టేపు, కొన్ని ఖుంటీలు తెచ్చిపెట్టు, మార్కింగ్ నా ఎదురుగా వేయిద్దాం. కుర్చీ ఒకటి ఉండాలి, మోకాళ్ళు సహకరించట్లేదు. డ్రాయింగ్ పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించు, ఫోన్లో నాకు అంకెలు కనబడవు. మీ నాన్న కూడా వస్తానంటున్నాడు, రానీ. వాస్తు మాట ఎత్తితే జీను గది ఏ మూలన ఉండాలో ఆయన్నే చెప్పమను, పడమటి గోడ జోలికి మాత్రం రానివ్వకు.

మీ పెద్దనాన్న