జ్వరంలో ఫిట్స్: ముందు గడియారం చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఏడాదిన్నర. పోయిన నెల ఒక రాత్రి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందే అనుకుంటుండగానే కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు. పెదాలు నీలం తిరిగాయి. మా మామగారు వాడి చేతిలో తాళాలగుత్తి పెట్టారు, పక్కింటావిడ పళ్ళ మధ్య చెంచా పెట్టబోయింది. రెండు నిమిషాల్లో తగ్గింది కానీ, బిడ్డ నా చేతుల్లో పోయాడనే అనుకున్నాను. జ్వరం వల్ల వచ్చిన ఫిట్సే, భయం లేదని ఆసుపత్రి నుంచి పంపేశారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు, రాత్రిళ్ళు లేచి లేచి నుదురు పట్టుకు చూస్తున్నాను. వేళకి సిరప్ వేసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా? మళ్ళీ వస్తాయా? పెద్దయ్యాక మూర్ఛరోగం అవుతుందా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు మీ అత్తగారి మాట సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ నిద్ర చెడగొడుతున్నది ఫిట్స్ కంటే ఆ మాటే అనిపిస్తోంది. సిరప్ వేస్తే ఒళ్ళు నొప్పులూ చిరాకూ తగ్గి పిల్లాడు కాస్త తేలికపడతాడు, అంతే. జ్వరం వచ్చినప్పుడల్లా వేళ తప్పకుండా పారాసెటమాల్ వేసినంత మాత్రాన ఆ తర్వాతి జ్వరాల్లో ఫిట్స్ రాకుండా ఆగవని పరిశోధనల్లో తేలింది. పైగా చాలామంది పిల్లల్లో ఇవి జ్వరం ఎక్కుతుండగానే వచ్చేస్తాయి. ఇంట్లోవాళ్ళు ముందు ఫిట్స్ చూస్తారు, ఆ తర్వాత ఒళ్ళు పట్టుకు చూస్తే కాలిపోతూ ఉంటుంది. మీ ఇంట్లో జరిగిందీ అదే. ఇందులో మీ తప్పేమీ లేదు. ఇంకో మాట, ఈ గుణం కుటుంబాల్లో వస్తుంటుంది. మీ ఆయనకి చిన్నప్పుడు ఎప్పుడైనా ఇలా అయిందేమో అత్తగారినే ఓసారి అడిగి చూడండి, చాలా ఇళ్ళల్లో అప్పుడు పాత కథలు బయటికొస్తాయి.

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి ఇలా వస్తాయి. మళ్ళీ వస్తాయా అంటే, ముగ్గురిలో ఒకరికి ఇంకో జ్వరంలో రావచ్చు. మొదటిసారి ఏడాది లోపే వచ్చినవాళ్ళకి ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ, దాదాపు సగానికి సగం. మూర్ఛరోగం భయం మాత్రం అంత పెట్టుకోకండి. మీవాడికి వచ్చినట్టు ఒళ్ళంతా ఒకేసారి కొట్టుకుని, త్వరగా ఆగిపోయి, ఆ రోజులో మళ్ళీ రాకపోతే, అలాంటి పిల్లల్లో నూటికి ఒకరిద్దరికే తర్వాత మూర్ఛ వస్తుంది. మామూలు పిల్లల్లో ఉండే లెక్క కంటే అది కొద్దిగానే ఎక్కువ. చదువుకీ తెలివికీ ఏ లోటూ రాదు.

ఇక ఆ రెండు నిమిషాల సంగతి. నన్నడిగితే ఇలాంటి ఫిట్స్ కంటే ఆ హడావుడిలో మనం చేసే వైద్యమే ఎక్కువ ప్రమాదం. చెంచా పెడితే పాలపళ్ళు విరిగి గొంతులోకి పోతాయి, నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నాలుక మింగేస్తాడన్నది ఒట్టి భయం, ఎవరూ నాలుక మింగరు. తాళాలగుత్తికి పేరెలా వచ్చిందంటే, ఫిట్స్ ఎలాగూ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, ఆ పేరు ఇనుము కొట్టేస్తుంది. తాళాలు పట్టుకుంటే నష్టం లేదు, పట్టించాలని బిగుసుకున్న పిడికిలి బలంగా విప్పితేనే నష్టం. వాతలు పెట్టడం మాత్రం, ఎవరు చెప్పినా సరే, ఒప్పుకోకండి.

మీరు చేయాల్సింది ఇది. పిల్లాణ్ణి కింద చాప మీదో మంచం మధ్యలోనో పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చెంప నేలకి ఆనేలా, నోట్లో చొంగ, నురగ దానంతట అదే బయటికి కారిపోయేలా. మెడ దగ్గర గుండీ వదులు చేయండి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టొద్దు. గడియారం చూడండి, ఎందుకంటే ఆ టెన్షన్‌లో ఒక్క నిమిషం పది నిమిషాల్లా అనిపిస్తుంది, డాక్టరుకి ముందు కావాల్సింది ఆ లెక్కే. ఇంకో మనిషి ఉంటే ఫోన్‌లో వీడియో తీయమనండి, మొహమాటపడొద్దు, మీరు చెప్పేదానికంటే అది చూస్తేనే మాకు ఎక్కువ తెలుస్తుంది. ఐదు నిమిషాలైనా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలాం స్ప్రే అని ఒకటి ఉంటుంది, బాబు బరువుకి ఎన్నిసార్లు కొట్టాలో మీ పిల్లల డాక్టర్ చేత కాగితం మీద రాయించుకుని, సీసాతో పాటే పెట్టుకోండి. అది ఎక్కడుందో మామగారికి కూడా తెలియాలి. ఆగాక పిల్లాడు మగతగా నిద్రపోతాడు, అది మామూలే. పూర్తిగా తెలివి వచ్చేదాకా సిరప్పూ పాలూ ఏవీ పట్టొద్దు.

ఒక పక్క చెయ్యీ కాలే కొట్టుకున్నా, 24 గంటల్లో రెండోసారి వచ్చినా, అరగంట దాటినా తెలివిగా కళ్ళు తెరవకపోయినా, మెడ బిగుసుకున్నా, ఆగకుండా వాంతులవుతున్నా, ఆరు నెలల లోపు బిడ్డకి వచ్చినా ఇది మామూలు సంగతి కాకపోవచ్చు, మెదడువాపు లాంటిది ఉందేమో చూడాలి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటిసారి వచ్చినప్పుడైతే తగ్గిపోయినా సరే అదే రోజు డాక్టరుకి చూపించాలి, మీరు ఆ పని చేశారు.

ప్రశ్న: మా పాప పది కిలోలు. జ్వరానికి సిరప్ ఒక్కో షాపులో ఒక్కో రకం ఇస్తున్నారు. ఎంత వేయాలి? ఐసు నీళ్ళతో తుడవచ్చా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ అనుమానం సరైనదే. పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున మీ పాపకి 150 కావాలి. సీసా మీద 5 మి.లీ.లో 120 అని ఉంటే ఆరు మి.లీ., 250 అని ఉంటే మూడు, ఒక మి.లీ.లో 100 ఉండే చుక్కల మందైతే ఒకటిన్నర. పాత సీసా కొలతతో కొత్త సీసా మందు పోస్తే డోసు రెండింతలు, ఒక్కోసారి నాలుగింతలు కూడా అయిపోతుంది. అందుకే ప్రతిసారీ లేబుల్ చదవండి, వంటింటి చెంచాతో కొలవకండి. డోసుకీ డోసుకీ నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం ఉండాలి, రోజుకి నాలుగుసార్లు దాటకూడదు. ఐసు నీళ్ళు వద్దు, వణుకు పుట్టి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. పల్చటి నూలు బట్టలేసి, ఫ్యాన్ వేసి, నీళ్ళు తాగిస్తూ ఉంటే చాలు.

ప్రశ్న: ఒకసారి జ్వరంతో ఫిట్స్ వచ్చాయి కదా, టీకాలు ఆపేయమంటున్నారు ఇంట్లో. రోజూ ఫిట్స్ మందు వాడాలా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఆపొద్దు. టీకా వేసే నర్సుకి విషయం ముందే చెప్పండి. డీపీటీ అయితే జ్వరం ఆ రోజో మర్నాడో వస్తుంది, తట్టు టీకా అయితే వారం పది రోజుల తర్వాత వస్తుంది, అప్పుడు కాస్త కనిపెట్టుకుని ఉండండి. తట్టు నిజంగానే వస్తే జ్వరం ఇంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఇక మందంటారా, ఒక్కసారి వచ్చినందుకు రోజూ వాడాల్సిన పని లేదు. తరచూ వస్తున్న పిల్లలకి జ్వరం ఉన్న రెండు మూడు రోజులు మాత్రం క్లోబజాం రాస్తారు, దానికి పిల్లలు తూలుతూ నడుస్తారు, మగతగా ఉంటారు. అది మీ పాపకి అవసరమా లేదా అన్నది మీ డాక్టరే చెప్పాలి, పక్కింటి పిల్లాడి చీటీ చూసి కొనకండి.