మెయిల్ హ్యాక్ అయిందా, పేరు వాడుకున్నారా?

ప్రశ్న: నా స్నేహితురాలి పేరుతో ఒక మెయిల్ వచ్చింది. 'మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయకు, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు పంపు' అని ఉంది. తన అకౌంట్ హ్యాక్ అయిందనుకుని మెయిల్ సంస్థకు రిపోర్ట్ చేశాను. మా గ్రూపులో అందరికీ తనని బ్లాక్ చేయమని చెప్పాను. తీరా చూస్తే తన అకౌంట్‌కి ఏమీ కాలేదట. ఇప్పుడు తను నాతో మాట్లాడటం లేదు. హ్యాక్ అయిందో లేదో బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది? అసలు రిపోర్ట్ చేయకూడదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు కార్డులు కొనకుండా ఆగారు, అన్నిటికంటే అది ముఖ్యం. రిపోర్ట్ చేయాలనుకోవడమూ మంచిదే. తొందరపడింది ఒక్క చోటే: మెయిల్ పైన కనిపించిన పేరు చూసి అది తన అకౌంటే అనుకున్నారు.

ఒక మెయిల్ సంస్థలో ఇలాంటి ఫిర్యాదులు చూసే విభాగంలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. 'మావాళ్ల అకౌంట్ హ్యాక్ అయింది' అని రిపోర్ట్ వస్తే, ఆ మెయిల్ అసలు మా సర్వర్ నుంచి బయలుదేరిందా అన్నది ముందు చూసేవాళ్లం. చాలాసార్లు బయలుదేరి ఉండదు. ఈమెయిల్ పంపే పద్ధతి 1982లో ఖరారైనప్పుడు, పంపేవాళ్లు నిజంగా వాళ్లేనా అని పరీక్షించే ఏర్పాటు అందులో లేదు. పోస్టు కవరు మీద 'పంపినవారు' అన్న చోట ఎవరి పేరైనా రాయొచ్చు కదా, అలాగే.

మీకొచ్చిన గిఫ్ట్ కార్డుల మెయిళ్లలో అయితే చాలావరకు అడ్రస్‌ని ఫోర్జరీ కూడా చేయరు. ఎక్కడో కొత్త అకౌంట్ తెరిచి, దానికి మీ స్నేహితురాలి పేరు పెడతారు, అంతే. ఫోన్‌లో పేరు మాత్రమే పెద్దగా కనిపిస్తుంది కాబట్టి మోసం పారుతుంది. అందుకే ముందు ఆ పేరు మీద నొక్కి, లోపల ఉన్న అడ్రస్‌ని అక్షరం అక్షరం చదవండి. అది తన అడ్రస్ కాకపోతే ఆ మెయిల్ తన అకౌంట్ నుంచి రాలేదన్నమాట. రిపోర్ట్ చేయాల్సింది ఆ దొంగ అకౌంట్‌ని, అది ఏ సంస్థలో ఉంటే ఆ సంస్థకి.

అడ్రస్ తనదే అయితే ఇంకో మెట్టు దిగాలి. మెయిల్‌ని కంప్యూటర్‌లో బ్రౌజర్‌లో తెరవండి. జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' ఉంటుంది, యాహూలో 'వ్యూ రా మెసేజ్', అవుట్‌లుక్‌లో 'వ్యూ మెసేజ్ సోర్స్'. జీమెయిల్ అయితే పైనే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడింటి ఫలితం చూపిస్తుంది. మిగతా వాటిలో 'అథెంటికేషన్ రిజల్ట్స్' అన్న వరుస వెతకాలి. ఎస్‌పీఎఫ్ అంటే ఆ డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాత ఉండే భాగం) పేరుతో మెయిల్ పంపడానికి ఆ సర్వర్‌కి అనుమతి ఉందా అని చూడటం. డీకిమ్ అంటే మెయిల్‌కి వేసిన డిజిటల్ సంతకం. ఆ రెండూ ఏ డొమైన్‌వో, మీకు కనిపించే అడ్రస్‌ డొమైన్‌తో సరిపోతున్నాయా అని డీమార్క్ చూస్తుంది. మీరు చూడాల్సింది ముఖ్యంగా దీన్నే. డీమార్క్ పాస్ అయి, రాత తనది కాదని మీకు తెలుస్తుంటే హ్యాక్ అయిందన్న అనుమానం బలపడినట్టే. ఫెయిల్ అయితే ఎవరో అడ్రస్‌ని ఫోర్జరీ చేసి ఉండవచ్చు. ఉండవచ్చు అనే అంటున్నాను, ఎందుకంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఫార్వర్డ్ అయిన మంచి మెయిళ్లు కూడా ఒక్కోసారి ఈ పరీక్షల్లో తప్పుతాయి.

ఇంకో జాగ్రత్త. నిజంగా అకౌంట్‌లోకి దూరినవాళ్లు, తర్వాత పాస్‌వర్డ్ మార్చేసినా పని ఆగకుండా, జవాబులు వేరే అడ్రస్‌కి వెళ్లేలా పెడతారు. 'రిప్లై' నొక్కి చూడండి, పంపొద్దు. పైన వచ్చే అడ్రస్‌లో ఒక అక్షరం తేడా ఉన్నా, వేరే సంస్థ పేరున్నా అది మోసగాడిదే. దాని గురించి ఆ రెండో సంస్థకి కూడా విడిగా రాయండి. ఇలాంటి రిపోర్ట్ మాకు ఎంతో పనికొచ్చేది. ఆ అకౌంట్ మోసానికే పుట్టింది కాబట్టి మూసేస్తే అమాయకులెవరికీ నష్టం ఉండదు.

ఇవన్నీ చూశాక తనకి ఫోన్ చేయండి. 'ఫోన్ చేయకు' అని మెయిల్‌లో రాశారంటే ఫోన్ చేయాల్సిందే! ఆ మెయిల్‌కి జవాబిచ్చి అడిగితే మాత్రం, మాట్లాడేది మోసగాడితోనే కావచ్చు.

తప్పుడు రిపోర్ట్ వల్ల ఏమవుతుందో చాలామంది ఆలోచించరు. అదే నన్ను బాధపెట్టేది. ఒకే అకౌంట్ మీద ఒక్కసారిగా పదిమంది ఫిర్యాదు చేస్తే అది లాక్ అయ్యే ప్రమాదం ఉంది. మెయిల్ లాక్ అయితే బ్యాంకు ఓటీపీలు, ఇంటర్వ్యూ కబుర్లు, మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్ రీసెట్‌లు అన్నీ ఆగిపోతాయి. లాక్ కాకపోయినా, మీరంతా బ్లాక్ చేసిన ఆ అడ్రస్ నిజంగా తనదే అయితే తన అసలు మెయిళ్లు కూడా ఇకపై మీ స్పామ్‌లోకే పోవచ్చు. తనకి క్షమాపణ చెప్పండి, గ్రూపులో మీరే రాసి బ్లాక్ తీయించండి, పాత మెయిళ్లు స్పామ్‌లో పడి ఉంటే 'నాట్ స్పామ్' నొక్కించండి.

అలాగని రిపోర్ట్ చేయడం మానేయకండి. 2011లో హాట్‌మెయిల్ 'నా ఫ్రెండ్ హ్యాక్ అయ్యారు' అన్న అర్థం వచ్చే ఒక ఆప్షన్ పెట్టింది. అది నొక్కగానే అకౌంట్‌ని మూసేయకుండా, తమ దగ్గరున్న ఇతర ఆధారాలతో కలిపి చూసేవారు. స్నేహితుడిది జీమెయిలో యాహూనో అయితే అక్కడికీ కబురు వెళ్లేది. మిత్రుడి రాత మిత్రుడికే తెలుస్తుంది, ఏ యంత్రానికీ అంత బాగా తెలియదు. మీ మాటకి అంత బరువు ఉంది కాబట్టే చూసి చెప్పమంటున్నాను.

ప్రశ్న: నేను పంపని మెయిళ్లు 'చేరలేదు' అంటూ నాకే గుట్టలుగా తిరిగొస్తున్నాయి. నా అకౌంట్ పోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారుపడకండి. మీ అడ్రస్‌ని ఎవరో కవరు మీద రాసి పంపుతుంటే చేరనివన్నీ మీకు తిరిగొస్తాయి. కొన్నాళ్లకి వాళ్లు ఇంకో అడ్రస్‌కి మారతారు. అయినా ఖాయం చేసుకోండి: 'సెంట్' ఒక్కటే చూసి ఊరుకోవద్దు, దొంగలు దాన్ని ఖాళీ చేస్తారు. సెట్టింగ్స్‌లో మీరు పెట్టని ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ అడ్రస్‌లు ఉన్నాయేమో చూడండి. జీమెయిల్ అయితే కంప్యూటర్‌లో ఇన్‌బాక్స్ కింద కుడి మూలన 'లాస్ట్ అకౌంట్ యాక్టివిటీ' పక్కన 'డీటెయిల్స్' నొక్కండి. మీవి కాని లాగిన్‌లు కనిపిస్తే వెంటనే పాస్‌వర్డ్ మార్చి, మిగతా పరికరాలన్నిటి నుంచీ సైన్ అవుట్ చేసి, రెండంచెల భద్రత పెట్టుకోండి.

ప్రశ్న: హ్యాక్ అయిన ఒక అకౌంట్ గురించి మెయిల్ సంస్థకి రాశాను. జవాబే లేదు. ఎవరైనా చదువుతారా?

జవాబు: చదువుతారు. కానీ వేరేవాళ్ల అకౌంట్ మీద ఏం చర్య తీసుకున్నారో మీకు చెప్పకపోవచ్చు, అది ఆ అకౌంట్ మనిషి ప్రైవసీ. ముందు ఆ సంస్థ ఫిర్యాదు ఫారం ఉందేమో చూడండి. లేకపోతే డొమైన్ పేరుకి ముందు 'abuse@' (అబ్యూజ్) అని పెట్టి, ఆ అడ్రస్‌కి రాయండి. ఇలాంటి ఫిర్యాదులకి ఆ అడ్రస్ ఉంచాలని 1997లోనే ఇంటర్నెట్ ప్రమాణాల్లో రాసుకున్నారు. స్క్రీన్‌షాట్ పంపితే దాదాపు ఏమీ తేలదు. మామూలుగా ఫార్వర్డ్ చేసినా అసలు హెడర్లు (మెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే లోపలి వివరాలు) పోతాయి. 'ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్' వాడండి, లేదా మెయిల్‌ని ఫైల్‌గా డౌన్‌లోడ్ చేసి జతచేయండి. ఎప్పుడొచ్చిందో, ఇది ఆ మనిషి రాత కాదని మీకెందుకు అనిపించిందో రెండు వాక్యాల్లో రాస్తే చాలు.