అమ్మానాన్నలతో హాంగ్‌కాంగ్ వెళ్తున్న అమ్మాయికి

అమ్మా స్వాతీ,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఐదు రోజుల్లో పదిహేడు చోట్లు! నువ్వొక్కదానివే వెళ్తుంటే ఏమీ అనేవాణ్ని కాదు. అన్నయ్యకి డెబ్బై దాటాయి, వదిన మోకాళ్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. అందుకే సగం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. ఆ ఊళ్లో నాలుగు చలికాలాలు ఉద్యోగం చేసినవాణ్ని. అక్కడ దూరాలు తక్కువ, ఎత్తులు ఎక్కువ. మ్యాప్‌లో పక్క సందులా కనిపించేది వెళ్లి చూస్తే అరవై మెట్ల పైన ఉంటుంది.

ముందు కాగితాలు. మనకి 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు, కానీ బయల్దేరక ముందే ఆన్‌లైన్‌లో ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. అది హాంగ్‌కాంగ్ ఇమిగ్రేషన్ వాళ్ల సైట్‌లోనే, ఉచితంగా. డబ్బులడిగే సైట్ ఏదైనా తగిలితే వెంటనే మూసెయ్. ఓకే అయితే ఆరు నెలలు చెల్లుతుంది. కాకపోతే విడిగా వీసా పెట్టుకోవాలి కాబట్టి టికెట్లు కొనక ముందే ఈ పని చెయ్యి. పేర్లు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాలి. మనవాళ్లకి తంటా ఇక్కడే. ఒకరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకొకరికి పొడి అక్షరమే, మూడోవాళ్లకి అసలు ఆ గడే ఖాళీ.

సంక్రాంతి సెలవులన్నావు, మంచిదే. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా గదుల రేట్లు మండిపోతాయి, జనం కూడా నేల ఈనినట్టు ఉంటారు. ఆ తర్వాత మళ్లీ చైనా ఉగాది హడావుడి. 2027లో అది ఫిబ్రవరి 6న వస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులు చిన్న హోటళ్లు, కొట్లు చాలావరకు మూసేస్తారు. ఈ రెంటికీ మధ్య మన సంక్రాంతి పడటం అదృష్టమే.

చలి గురించి టెన్షన్ పడకు, అలాగని తేలిగ్గానూ తీసుకోకు. జనవరిలో పగలు 18, రాత్రి 14 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఉత్తరం గాలి గట్టిగా వీచిన రోజున పదికి కూడా దిగుతుంది. అసలు చలి వీధిలో కాదు, ఇంట్లో. అక్కడి ఇళ్లలో వేడి చేసే ఏర్పాటు సాధారణంగా ఉండదు. నా మొదటి ఏడాది, చవగ్గా దొరికిందని ఒక చిన్న లాడ్జిలో దిగి, రెండు రాత్రులు స్వెట్టర్ మీద కోటు వేసుకుని పడుకున్నాను. గది బుక్ చేసేటప్పుడే హీటర్ ఉందా అని అడుగు, అదనపు దుప్పట్లు ఇస్తారేమో కనుక్కో. మాల్స్‌లో మాత్రం జనవరిలోనూ ఏసీ తగ్గించరు. అన్నయ్య మంకీ క్యాప్ తెస్తానంటే వద్దనకు.

ఏది కొట్టేసినా ఫెర్రీని మాత్రం ముట్టుకోలేదు. కౌలూన్ వైపున్న సిమ్ షా సుయ్ రేవు నుంచి అవతలి ఒడ్డున, హాంగ్‌కాంగ్ దీవిలో ఉన్న సెంట్రల్ అనే పేటకి స్టార్ ఫెర్రీ పది నిమిషాలు కూడా పట్టదు. టికెట్ ఐదారు హాంగ్‌కాంగ్ డాలర్లే. బొంబాయి నుంచి వెళ్లిన పార్సీ ఆయన దొరాబ్జీ నౌరోజీ 1888లో మొదలుపెట్టిన సర్వీసు అది. ఆ పడవకి ముందూ వెనకా అని లేదు, రేవులో వెనక్కి తిప్పే పనే ఉండదు. అందుకే చెక్క బెంచీల వీపు పలకలు అటూ ఇటూ తిరుగుతాయి. ఎక్కగానే జనం వాటిని టపటపా తిప్పుకుని, వెళ్లే వైపు మొహం పెట్టి కూర్చుంటారు. ఆ పలకల్లో నక్షత్రం ఆకారంలో చిల్లులు ఉంటాయి, చూడు. ఒడ్డు చేరేటప్పుడు రేవు మీద ఒకతను పొడవాటి కొక్కెం కర్రతో తాడు అందుకుంటాడు. వైజాగ్ హార్బర్ గోడ పక్కన పెరిగినవాడు అన్నయ్య. గంటలకొద్దీ చూస్తాడు, చూడనివ్వు. రెండుసార్లు అటూ ఇటూ తిరగండి, ఒకటి పగలు, ఒకటి దీపాలు పెట్టాక. రాత్రి ఎనిమిదింటి లైట్ల షో కోసం పరుగులు పెట్టొద్దు. నన్నడిగితే ఆ మేడల దీపాలే చాలు.

విక్టోరియా పీక్ అనే కొండ మీదికి ఎక్కే పీక్ ట్రామ్ కూడా 1888 నాటిదే. కానీ క్యూ చూస్తే వదిన నీరసపడిపోతుంది. సెంట్రల్‌లో 15వ నంబర్ బస్సు ఎక్కి నాలుగింటికల్లా పైకి చేరండి. టికెట్ కొని ఊరు చూసే డెక్ ఎక్కక్కర్లేదు. లూగార్డ్ రోడ్డు చదునుగా ఉంటుంది. చెట్ల నీడన కాస్త దూరం నడిస్తే హార్బరంతా కాళ్ల కింద కనిపిస్తుంది. ఆరింటికల్లా పొద్దుగూకుతుంది. సెంట్రల్‌లోనే వీధుల మీదుగా ఒకదాని తర్వాత ఒకటిగా ఎస్కలేటర్ల వరస ఉంది, మొత్తం 800 మీటర్ల పొడవు. ఉదయం పదింటిదాకా కిందికి దిగుతుంది, ఆ తర్వాత అర్ధరాత్రిదాకా పైకి. వదినకి అదే దిక్కు, పది దాటాకే వెళ్లండి.

లాంటావ్ దీవిలో కొండ మీదున్న పెద్ద బుద్ధుడి విగ్రహం దగ్గరికి కేబుల్ కార్‌లో 25 నిమిషాలు. మరమ్మతుల కోసం అప్పుడప్పుడు కొన్ని రోజులు ఆపేస్తారు, ముందే తేదీలు చూసుకో. నేను చూసుకోలేదు. మీ పిన్నిని కొండ మలుపుల బస్సులో తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆవిడ ఇప్పటికీ బుద్ధుడి మాట ఎత్తితే కడుపు పట్టుకుంటుంది. విగ్రహం దాకా 268 మెట్లు. వదిన కింద కూర్చున్నా బాగానే కనిపిస్తుంది. పక్కన పో లిన్ మఠంలో భోజనం పూర్తిగా శాకాహారం.

మిగతాచోట్ల తిండితో జాగ్రత్త. ఆకుకూర వేపుడే కదా అని తెప్పించుకుంటే, మీద నల్లగా మెరిసేది ఆయిస్టర్ సాస్, అంటే ముత్యపు చిప్పల్లాంటి సముద్రజీవులతో చేసే సాస్ కావచ్చు. ‘జాయ్’ అని అడిగితే శాకాహారం అని అర్థమవుతుంది. నాథన్ రోడ్డులో మన తిళ్లు దొరుకుతాయి, పొడుల సంచీ మోయక్కర్లేదు. అక్కడి పాల టీ చిక్కగా, ఘాటుగా ఉంటుంది, ఇరానీ చాయ్ తాగే అన్నయ్యకి నచ్చుతుంది. సాయంత్రాలు వీధి మలుపుల్లో పెద్ద బాణలిలో నల్లటి ఇసుకలాంటి దాంట్లో చెస్ట్‌నట్‌లు వేయిస్తుంటారు, అచ్చం మన వేరుశనక్కాయల్లాగే. వేడిగా ఉండగానే జేబులో వేసుకుంటే చేతులు కూడా కాగుతాయి.

ముగ్గురి పాస్‌పోర్టుల మొదటి పేజీలు ఈ ఆదివారంలోగా వాట్సాప్ చెయ్యి. వదిన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉందో లేదో నాకు అనుమానమే. చూసి నేను ఫోన్ చేస్తాను.

మీ బాబాయ్