పాత ఓనరు ఇచ్చిన చేబదులు: మొత్తం కూడేదాకా ఆగకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మానేసిన ఆఫీసు ఓనరు దగ్గర రెండేళ్ల కిందట 80,000 చేబదులు తీసుకున్నారు. కాగితం లేదు, వడ్డీ మాట అనుకోలేదు. ఆయన అడగట్లేదు, మీకేమో ఫోన్ చేయడానికి మొహం చెల్లట్లేదు. నెలకు 5,000 ఇవ్వగలరు. మొత్తం కూడాక ఒకేసారి ఇవ్వాలా, ఇప్పటినుంచే కొంచెం కొంచెం ఇవ్వాలా అని అడిగారు.

ఇప్పటినుంచే ఇవ్వండి. ఈ వారంలోనే ఫోన్ చేయండి. నేను ఆగి ఏం తెచ్చుకున్నానో చెబుతాను.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాగా చేసేవాణ్ని. 2017లో చెల్లి పెళ్లికి 1,20,000 తక్కువ పడితే షావుకారు గారు గల్లాపెట్టె తీసి లెక్కపెట్టి ఇచ్చారు. నోటు రాయమంటారా అని అడిగితే "నువ్వెక్కడికి పోతావురా" అన్నారు. పొద్దుణ్నుంచి రాత్రిదాకా రైతులు వాడుకున్న డబ్బు పైసాతో సహా ఖాతాలకు ఎక్కించే నేను, నా బాకీ మాత్రం ఎక్కడా రాసుకోలేదు. జీతంలో నెలకు 2,500 పట్టుకోమన్నాను. పన్నెండు నెలలు పట్టారు, ఇక 90,000 మిగిలింది. అప్పుడే హైదరాబాద్‌లో ట్యాలీలో, అంటే కంప్యూటర్లో లెక్కలు రాసే పని దొరికి మానేశాను. వెళ్లేరోజు ఆయన "కుదురుకున్నాక చూద్దాంలే" అన్నారు.

కుదురుకోవడం అనేది ఎప్పటికీ జరగదు కదా. రూము అడ్వాన్సు, బండి కంతులు, అమ్మ మందులు. కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేశారు. డబ్బు చేతిలో పెట్టుకుని మాట్లాడదాంలే అని ఎత్తలేదు. నిజానికి ఆయన బాకీ కోసమే చేశారో, ఊరికే పలకరించడానికి చేశారో కూడా నాకు తెలీదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారికి అది అలవాటైపోయింది. నరసరావుపేటలో ఒక పెళ్లిలో ఆయన్ని దూరం నుంచి చూసి, భోజనం చేయకుండానే బస్టాండుకు వచ్చేశాను. ఆ రోజు నా అకౌంట్లో 22,000 ఉన్నాయి. అందులో పదివేలు అంతకుముందే పంపి ఉంటే ఆయన పక్కనే కూర్చుని తినేవాణ్ని.

2020 చివర్లో తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తాను. ఆయన కొడుకు. అప్పటికి కొట్టు లెక్కలు అతని చేతికి వచ్చాయి. వాళ్ల పుస్తకంలో నా పేరున 1,05,000 బాకీ ఉందట. జీతంలో కోతలు పెద్దాయన తన జేబు పుస్తకంలో రాసుకునేవారు, అందులో ఆరు నెలలవే కనిపించాయన్నాడు. మిగతా ఆరు నెలల 15,000 నేను కట్టినట్టు రుజువేది? జీతం చేతికిచ్చేవారు కాబట్టి నా దగ్గరా ఏమీ లేదు. "ఫోన్ ఎత్తని మనిషి లెక్క ఎలా నమ్మమంటారు?" అన్నాడు. ఒళ్లు మండింది గానీ ఏమని జవాబు చెప్పను?

చివరికి పెద్దాయనే మధ్యలో పడి తేడా చెరిసగం అన్నారు. 97,500కి ఒప్పుకుని నెలకు 7,500 చొప్పున పదమూడు నెలల్లో తీర్చాను. నా లెక్క 90,000 కంటే 7,500 అదనంగా కట్టానన్న బాధ ఇప్పటికీ పోలేదు. ఫోన్ ఎత్తనందుకు పడ్డ జరిమానా అనుకుంటాను.

కాబట్టి ఫోన్లో అంకె ముందు మీ నోటినుంచే రావాలి. "సార్, మీ దగ్గర తీసుకున్నది 80,000. వచ్చే నెల 5వ తారీఖు నుంచి 5,000 పంపుతాను, పదహారు నెలల్లో అయిపోతుంది." అంతే. ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదో కష్టాల చిట్టా విప్పకండి, ఆయనకే ఇబ్బందిగా ఉంటుంది. ఫోన్ పెట్టేశాక అదే మాట వాట్సాప్‌లో పంపండి. ఆయన "సరే" అంటే మీకు అదే నోటు. ఆయన లెక్క వేరుగా చెబితే మాత్రం మొదటి కంతు పంపకముందే తేల్చుకోండి.

డబ్బు ఆయన సొంతమా, ఆఫీసుదా అన్నది కూడా అడగండి. ఆఫీసు అకౌంట్ నుంచి వచ్చి ఉంటే అక్కడి పుస్తకాల్లో అడ్వాన్సు కింద ఉండొచ్చు. అప్పుడు ఆయన సొంత ఫోన్‌పేకి కొట్టినది ఆ పుస్తకంలో చెల్లు పడదు. నగదుగా అస్సలు ఇవ్వొద్దు. బాకీ 20,000 గానీ అంతకు మించి గానీ ఉన్నంతకాలం, ఇచ్చేది 5,000 అయినా సరే, బ్యాంకు ద్వారానే తీర్చాలని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. తప్పితే జరిమానా తీర్చినవాడి మీదే పడుతుంది. పంపేటప్పుడు రిమార్కులో "చేబదులు 1వ కంతు" అని రాయండి.

వడ్డీ అనుకోలేదు కాబట్టి మీ అంతట మీరు లెక్కగట్టి పంపక్కర్లేదని నా అభిప్రాయం. ఒక్కసారి అడగండి. మా షావుకారు గారు వద్దన్నారు. వాళ్లబ్బాయి నూటికి రూపాయి అన్నాడు, అంటే నా లెక్క 90,000కే చూసినా నెలకు 900. పెద్దాయన మాటే నెగ్గింది.

మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అంతవరకు గమ్మునుండు అని మీ ఫ్రెండ్ సలహా ఇచ్చాడని రాశారు. కోర్టుకు వెళ్లి వసూలు చేసుకోవడానికి మామూలుగా మూడేళ్ల గడువున్న మాట నిజమే. గడువు లోపల మీరు సంతకం పెట్టి బాకీ ఒప్పుకుంటే అక్కడినుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి కూడా. గడువు దాటితే కోర్టు దారి మూసుకుపోతుంది గానీ బాకీ మాఫీ అయిపోదు. అయినా ఆ లెక్క ఎగ్గొట్టేవాళ్లకు కావాలి, మీరు అడిగింది తీర్చడం గురించి.

ఒకటి మాత్రం మీరు రాయలేదు. అప్పట్లో ఆయనకు సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఏమైనా ఇచ్చారా? ఇచ్చి ఉంటే మొదటి ఫోన్లోనే గుర్తుచేయండి, చివరి కంతు రోజు స్వయంగా వెళ్లి తెచ్చుకోండి. తర్వాత చూద్దాంలే అని వదలొద్దు.