తనంతట తాను మూసుకునే తలుపు తగిలి గాయమైతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మా అమ్మకు 70 ఏళ్లు. స్కానింగ్ కోసం ఆమెను ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాను. ముఖద్వారం ముందు పరిచిన రబ్బరు మ్యాట్ మీద కాలు పెడితే అక్కడి అద్దాల తలుపు పక్కకు జరిగి తెరుచుకుంటుంది. స్కానింగ్ పూర్తయ్యాక అమ్మ చేతికర్ర సాయంతో నెమ్మదిగా బయటికి వస్తుండగా, గడప మీద ఉన్నప్పుడే తలుపు మూసుకొచ్చి ఆమెకు తగిలింది. కింద పడటంతో మణికట్టు ఎముక విరిగింది. యాజమాన్యాన్ని అడిగితే, 'అది యంత్రం, తయారుచేసిన కంపెనీని అడగండి. జాగ్రత్తగా నడవాలని బోర్డు పెట్టాం కదా' అంటున్నారు. మేం పరిహారం కోరవచ్చా? ఎవరిని అడగాలి? (ఒక పాఠకుడు)

జవాబు: కోరవచ్చు. ముందుగా ఆసుపత్రినే అడగాలి. అయితే చట్టం సంగతికి వెళ్లే ముందు ఈరోజే చేయవలసిన పని ఒకటుంది. ఆ ముఖద్వారం దగ్గరి సీసీటీవీ దృశ్యాలను చెరిపేయకుండా భద్రపరచాలని కోరుతూ ఆసుపత్రికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. ప్రమాదం జరిగిన తేదీ, సమయం, ఏ ద్వారమో స్పష్టంగా రాయండి. చాలా చోట్ల పాత రికార్డింగు మీదే కొత్తది ఎక్కుతూ ఉంటుంది. న్యాయవాది దొరికాక చూద్దామని ఆగితే అప్పటికి దృశ్యం ఉండకపోవచ్చు. మీ ఉత్తరం అందిన తరువాత కూడా వాళ్లు దాన్ని పోగొడితే, ఎందుకు పోగొట్టారో వినియోగదారుల కమిషన్ ముందు చెప్పుకోవలసింది వాళ్లే.

ఇక తలుపు సంగతి. ఇలాంటి మ్యాట్ లోపల సాధారణంగా రెండు పలుచని లోహపు పొరలు ఒకదానికొకటి తగలకుండా అమర్చి ఉంటాయి. మనిషి బరువు పడగానే అవి కలిసి, విద్యుత్ వలయం పూర్తయి, తలుపు తెరవమని దాన్ని నడిపే కంట్రోలర్‌కు సంకేతం వెళుతుంది. కాలు తీయగానే ఆ సంకేతం ఆగిపోతుంది. కంట్రోలర్‌లో పెట్టిన కొద్ది సెకన్ల వ్యవధి గడిచాక తలుపు మూసుకోవడం మొదలవుతుంది. మీ కేసుకు ప్రాణం ఇక్కడే ఉంది. మ్యాట్ దిగి గడప మీదికి వచ్చిన మనిషి ఆ మ్యాట్‌కు కనిపించరు. చకచకా నడిచేవారు ఆ వ్యవధిలో దాటేస్తారు. చేతికర్రతో ఒక్కో అడుగూ వేసే మీ అమ్మగారికి అది చాలలేదు. అందుకే గడప దగ్గర మనిషి ఉన్నంతసేపూ తలుపును ఆపి ఉంచే రెండో ఏర్పాటు ఉండాలి. అది గడప మీదుగా సాగే కాంతి కిరణం సెన్సర్ కావచ్చు, గడప దాకా పరిచిన భద్రతా మ్యాట్ కావచ్చు. ఆ తలుపుకు అలాంటిది ఉందా? ఉంటే ఆరోజు పనిచేసిందా? మూసుకునే వ్యవధి ఎంత పెట్టారు? చివరిసారి దాన్ని ఎవరు, ఎప్పుడు పరీక్షించారు? పరిహారం కోరుతూ ఆసుపత్రికి పంపే నోటీసులో ఈ నాలుగు ప్రశ్నలూ సూటిగా అడగండి.

ఆసుపత్రి తలుపు ఎవరి కోసం అన్నది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. అక్కడికి వచ్చేవారిలో వృద్ధులు, కట్లు కట్టించుకున్నవారు, నీరసంతో తూలేవారు ఎక్కువ. వారి నడకకు సరిపోయేలా తలుపును సర్దడం యాజమాన్యం కనీస బాధ్యత. 'ఆమె నెమ్మదిగా నడిచింది' అనే మాట మీ అమ్మగారి తప్పును చూపదు, తలుపును ఎవరి కోసం సర్దలేదో చూపుతుంది. ఒకవేళ ఆమె అజాగ్రత్త కొంత ఉందని తేలినా, సివిల్ చట్టంలో పరిహారం ఆ మేరకు తగ్గుతుందే తప్ప హక్కు పోదు.

బోర్డు గురించి ఎక్కువగా బెంగపడకండి. హెచ్చరిక అనిపించుకోవాలంటే ప్రమాదం ఏమిటో, దాన్ని ఎలా తప్పించుకోవాలో చెప్పాలి. 'జాగ్రత్తగా నడవండి' అన్న మాటలో ఆ రెండూ లేవు. పైగా లోపలికి వెళ్లేందుకు వేరే దారి లేనప్పుడు, ఆ బోర్డు చదివి ప్రమాదానికి ఒప్పుకున్నారని వాదించడం నిలవదు.

'లోపం మ్యాట్ అడుగున ఉంది, మాకెలా తెలుస్తుంది' అని కూడా అనవచ్చు. దానికి సుప్రీంకోర్టు ఎప్పుడో సమాధానం చెప్పింది. 1951లో ఢిల్లీ చాందినీ చౌక్‌లోని గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయారు. ఆ కట్టడానికి 80 ఏళ్లు, అందులో వాడిన రకం గచ్చు ఆయుష్షు 40, 45 ఏళ్లు. 1966లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ వర్సెస్ సుభగ్వంతి తీర్పులో కోర్టు, సరిగ్గా చూసుకుంటే అలాంటి స్తంభం కూలదు కాబట్టి కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యమని చెప్పింది. లోపం పైకి కనిపించేదైనా కనిపించనిదైనా, జనం తిరిగే చోట కట్టడాన్ని ఎప్పటికప్పుడు పరీక్షించే బాధ్యత యజమానిదేనని కూడా తేల్చింది. తలుపు విషయంలోనూ ఇదే వాదన చేయవచ్చు. బాగా నిర్వహించే తలుపు గడప మీది మనిషిని కొట్టదు.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి? స్కానింగ్‌కు డబ్బు చెల్లించారు కాబట్టి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మీ అమ్మగారు వినియోగదారు. రోగి వచ్చిపోయే దారి భద్రత కూడా ఆ సేవలో భాగమేనని, అది కొరవడటం సేవాలోపమని వాదించాలి. ఆసుపత్రి బిల్లు ఆమె పేరు మీద ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. మీ అమ్మగారు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, ఆసుపత్రి వేరే జిల్లాలో ఉన్నా సరే. కమిషన్ పరిధిని ఇప్పుడు మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాకుండా సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఆ మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ప్రమాదం జరిగిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. న్యాయవాది తప్పనిసరి కాదు. కానీ ఈ కేసులో సాంకేతిక విషయాలున్నాయి కాబట్టి పెట్టుకోమనే నా సలహా.

తలుపు తయారీ కంపెనీని, నిర్వహణ చూసే సంస్థను కూడా ప్రతివాదులుగా చేర్చండి. వారి మీద భారం మోపాలని ఆసుపత్రి అనుకుంటే కమిషన్ ముందే తేల్చుకుంటుంది. అయితే ఒక ఇబ్బంది ఉంది, దాచకుండా చెప్పాలి. తలుపును కొన్నది ఆసుపత్రి. మీ అమ్మగారు తమ వినియోగదారు కాదని తయారీదారు అభ్యంతరం చెప్పవచ్చు. అందుకే ఫిర్యాదులో ప్రధాన భారం ఆసుపత్రి మీదే ఉంచాలి. తయారీదారు మీద విడిగా వెళ్లవలసి వస్తే సివిల్ కోర్టు ఉంది. అక్కడ కొనుగోలుదారు కావడం అవసరం లేదు. 1932 నాటి డోనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ బ్రిటిష్ తీర్పు మన కోర్టులకు బాగా పరిచయం. అందులో సీసాలో కుళ్లిన నత్త ఉందంటూ దావా వేసిన మహిళ ఆ పానీయాన్ని కొనలేదు, ఆమె స్నేహితురాలు కొనిపెట్టింది. అయినా తన వస్తువును చివరికి వాడే మనిషి పట్ల తయారీదారుకు బాధ్యత ఉందని ఆ తీర్పు చెప్పింది.

ఈలోగా వాళ్లు పాత మ్యాట్ తీసేసి కొత్తది వేసే అవకాశం ఎక్కువ. కాబట్టి తలుపు, మ్యాట్, బోర్డు, గడప ఫోటోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. వీలైతే మ్యాట్ దిగాక ఎన్ని సెకన్లకు తలుపు కదులుతోందో వీడియో తీయండి. ఫోను వీడియోను సాక్ష్యంగా పెట్టేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, కాబట్టి వీడియో తీసిన ఫోను, అసలు ఫైలు పోగొట్టుకోవద్దు. సర్వీసు లాగ్‌బుక్, నిర్వహణ కాంట్రాక్టు మీ చేతిలో ఉండవు. వాటిని తెప్పించమని కమిషన్‌ను కోరండి, పత్రాలు దాఖలు చేయించే అధికారం దానికి ఉంది.

పోలీసు ఫిర్యాదు గురించి మీరు అడగలేదు కానీ తెలుసుకోండి. యంత్రాన్ని నిర్లక్ష్యంగా ఉంచి మనుషులకు ప్రమాదం తెచ్చిపెట్టడం భారతీయ న్యాయ సంహిత 289వ సెక్షన్ కింద నేరం. 6 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పరిహారం మాత్రం దాని వల్ల రాదు. ప్రమాదం జరిగిందన్న రికార్డు కోసం ఫిర్యాదు ఇవ్వడం మంచిదే.

ఎముక విరిగిన చికిత్సకు బిల్లు మాఫీ చేస్తామని ఆసుపత్రి ముందుకు రావచ్చు. తీసుకోవడంలో తప్పులేదు. కానీ దానితోపాటు ఇచ్చే కాగితంలో 'పూర్తి పరిష్కారం', 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న మాటలుంటే మీ అమ్మగారి చేత సంతకం పెట్టించవద్దు. ఆ వయసులో విరిగిన మణికట్టుకు ఫిజియోథెరపీ, మనిషి సాయం ఎన్నాళ్లు అవసరమవుతాయో మీ ఎముకల వైద్యుడి దగ్గర రాయించుకున్న తరువాతే ఎంత అడగాలో నిర్ణయించుకోండి.